సన్నాయి నంబరు నూట పన్నెండు

మా ఆయన బంధువులకు చెప్పిన ఉద్యోగం

మాదాపూర్‌లో వాద్యాలు అమ్మే దుకాణంలో నేను పనిచేసినంత కాలం ఆ పని ఏమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. "కీబోర్డులు బాగుచేస్తుంది" అని మా ఆయన బంధువులకు చెప్పేవారు. "కంప్యూటర్ల కీబోర్డులే" అని మా అత్తగారు దానికి తాత్పర్యం చెప్పేవారు. దాంతో ఆదివారం ఆరాధన అయి చర్చి బయటికి వచ్చేసరికి ఎవరో ఒకరు మీటలు ఊడిన ల్యాప్‌టాప్ పట్టుకుని నా కోసం నిలబడి ఉండేవారు. మొదట్లో నా పని అది కాదని చెప్పేదాన్ని. తర్వాత మీటలు బిగించడం కూడా నేర్చుకున్నాను. వివరించడం కన్నా అదే తేలిక.

ఈమధ్యే రిటైరయ్యాను. నా చోట చేరిన పిల్లలు ఫోన్ చేసి, "మేడం, ఈ పనిలో అసలు ఏం నేర్చుకోవాలి?" అని అడిగారు. ఫోన్లో చెబితే అయ్యేది కాదని ఇలా రాస్తున్నాను. జీతాల సంగతి, ఎవరికి ఏ హోదా వచ్చింది అన్న సంగతి ఇందులో ఉండవు. నా హోదా చివరిదాకా "రత్నమ్మ" మాత్రమే.

పని ఇది. హైటెక్ సిటీ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసేవాళ్లలో సంగీతం పిచ్చి ఉన్నవాళ్లు చాలామంది. జీతం పడగానే ఒక సింథసైజరు, అంటే రకరకాల వాద్యాల్లా పలికే కీబోర్డు, కొంటారు. బోనస్ రాగానే ఇంకొకటి కొంటారు. వాటన్నిటినీ కంప్యూటర్‌లో పాటలు కట్టే సాఫ్ట్‌వేర్‌కు తగిలిస్తే, కంప్యూటర్ నుంచే అన్ని వాద్యాలనూ పలికించవచ్చు. అలా తగిలించడం పెట్టెమీద రాసినంత తేలిక కాదు. అప్పుడు దుకాణానికి ఫోన్ చేస్తారు. నేను బండి వేసుకుని వెళ్లేదాన్ని.

ఈ తగిలింపు భాషను మిడి అంటారు. మీకు తెలిసిన మాటే, కానీ కొన్నవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. మిడి తీగలో పాట ప్రవహించదు, ఆజ్ఞ ప్రవహిస్తుంది. "ఫలానా స్వరం మొదలుపెట్టు, ఇంత గట్టిగా, ఇక ఆపు." అంతే. ఆ ఆజ్ఞ విన్న వాద్యం తన గొంతుతో తాను పలుకుతుంది. వంటవాడికి కేకేసి చెప్పినట్టు. కేకలో ఉప్పూ కారం ఉండవు. ఈ మాట రాయదుర్గంలో ఒక పెద్ద కంపెనీ మేనేజరుకు ఎంతో ఓపిగ్గా చెప్పాను. ఆయన అంతా విని, తలాడించి, "అర్థమైంది మేడం. అయితే కొంచెం లావుపాటి తీగ ఇవ్వండి, బేస్ బాగా రావాలి" అన్నారు.

మా యజమాని సలీం భాయ్. మంచి మనిషి. ఆయనకు వాద్యాలు వాయించడం రాదు, కంప్యూటర్లు తెలియవు, కానీ అమ్మడం వచ్చు. ఆ మేనేజరు అడిగిన లావుపాటి తీగ ఆయన నిజంగానే తెప్పించి ఇచ్చాడు.

"అది తప్పు కదా భాయ్" అంటే, "తప్పేంది రత్నమ్మా? ఆయనకు లావు తీగ గావాలె, నేను లావు తీగ ఇచ్చిన. బేస్ నేను ఇస్తనన్ననా?" అన్నాడు.

ఈ విషయంలో ఆయనతో నాకు చివరిదాకా పేచీయే. మీరు మాత్రం అలా చేయకండి. అవసరం లేని సామాను అమ్మితే ఆ సాయంత్రం యజమాని సంతోషిస్తాడు. తర్వాత వచ్చే ఫోన్లన్నీ మీకే వస్తాయి.

నిమ్మకాయ గెలిచిన కేసు

కస్టమరు చెప్పే లక్షణాన్ని నమ్మండి, కారణాన్ని నమ్మకండి. ఈ ఒక్కటి నాకు కొండాపూర్‌లో ఒక ఇంట్లో తెలిసింది.

ఆ ఇంటి అబ్బాయి కొత్త కీబోర్డు కొని సాఫ్ట్‌వేర్‌కు తగిలించాడు. అప్పటి నుంచి ఒక మీట నొక్కితే రెండుసార్లు పలుకుతోంది. వెంటనే ఒకసారి, దాని వెనకే ఇంకొకసారి. నేను వెళ్లేసరికి కీబోర్డుకు నిమ్మకాయ, మిరపకాయలు దండగా కట్టి ఉన్నాయి. అబ్బాయి అత్తగారు సోఫాలో కూర్చుని, "ఇది ఎవలో వాయించిన పాత సామానమ్మా. వాళ్లు పోయిన్రు గాని వాళ్ల వేళ్లు ఇందులనే ఉన్నయ్" అన్నారు.

"కొత్తదే అమ్మా, సీలు నేనే తీశాను" అని అబ్బాయి అన్నాడు. కానీ అతను కూడా కీబోర్డుకు కాస్త ఎడంగానే నిలబడ్డాడు.

అసలు సంగతి ఏమిటంటే, కీబోర్డు మీట నొక్కగానే తన లోపలి గొంతుతో తాను ఒకసారి పలుకుతుంది. అదే ఆజ్ఞ కంప్యూటర్‌కు వెళ్తుంది. కంప్యూటర్ దాన్ని తిప్పి మళ్లీ అదే కీబోర్డుకు పంపుతుంది. అది విని మళ్లీ పలుకుతుంది. మీటకూ లోపలి గొంతుకూ ఉన్న సొంత లంకెను తెంపేస్తే చాలు, కంప్యూటర్ చెప్పినప్పుడు మాత్రమే పలుకుతుంది. ఆ మెనూలోకి వెళ్లి, దాన్ని ఆపి, మీట నొక్కాను. ఒక్కసారే పలికింది.

అత్తగారు లేచి వచ్చి దండ సరిచేశారు. "చూసినవా? కాయ ఎండేసరికి పోయింది" అన్నారు.

అబ్బాయి నావైపు చూశాడు. నేను సామాను సర్దుకున్నాను. ఆ దండ అక్కడే ఉంటే ఎవరికీ నష్టం లేదు. తర్వాత ఆవిడ తన చుట్టాల్లో ముగ్గురి చేత మా దుకాణంలో కీబోర్డులు కొనిపించారు. సలీం భాయ్ కౌంటర్ దగ్గర నిమ్మకాయలు పెడదామా అని కూడా ఆలోచించాడు.

ఊపిరి లేని సన్నాయి

ఇక అసలు చెప్పాలనుకున్న కేసు.

ఒక మధ్యాహ్నం కవిత అనే అమ్మాయి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. మణికొండలో ఉంటుంది, ఐటీ ఉద్యోగం. తండ్రి పేరు యాదగిరి. జనగామ వైపు మనిషి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లంటే ఆయన సన్నాయి ఉండాల్సిందేనట. కొంతకాలంగా ఊపిరితిత్తులు పాడై, సన్నాయి పట్టొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. కూతురు తన దగ్గరికి తెచ్చుకుంది. ఇప్పుడు ఆమెకే పెళ్లి కుదిరింది.

"నాయిన సన్నాయి ఊదకుంటే నేను తాళి కట్టించుకోను ఆంటీ" అంది కవిత, వేరే రంగు చీర చూపించమన్నంత మామూలుగా.

"గిదొక్కటే పట్టు వట్టింది చెల్లె" అన్నాడు యాదగిరి గారు నాతో. "సన్నాయంటే ఏమన్న ఈలనా? గంటలకు గంటలు దమ్ము గావాలె. నాకు మెట్లెక్కితేనే ఆయాసం."

సలీం భాయ్ అప్పటికే అలమారలోంచి ఒక పొడుగు పెట్టె తీశాడు. అది ఊదే గొట్టం. చూడటానికి సన్నాయికి దూరపు చుట్టంలా ఉంటుంది. దానికి సొంత గొంతు లేదు. ఎంత ఊదారు, ఏ రంధ్రం మూశారు అన్నది గుర్తుపట్టి ఆజ్ఞగా మార్చి పంపుతుంది. ఎంత తక్కువ ఊపిరికి ఎంత గట్టిగా పలకాలో మనం నిర్ణయించుకోవచ్చు. టీ చల్లార్చుకోవడానికి ఊదినంత ఊదితే చాలు, కల్యాణ మండపం దద్దరిల్లేలా చేయవచ్చు. పలికే గొంతు కోసం వేరే ఒక సౌండ్ బాక్సు ఉంటుంది. అందులో నూట ఇరవై ఎనిమిది రకాల గొంతులుంటాయి. నూట పన్నెండోది సన్నాయి.

"పరేషాన్ గాకుండ్రి పెద్దమనిషీ, ఇది డిజిటల్ సన్నాయి" అన్నాడు సలీం భాయ్.

యాదగిరి గారు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో పెట్టుకుని ఊదారు. ఏ తీగా తగిలించలేదు కాబట్టి ఏమీ పలకలేదు.

"మంచిగున్నది. ఇంటోళ్లకు ఇబ్బంది లేదు" అన్నారు.

మేకల మంద

గొట్టం తీగ కంప్యూటర్‌కే తగులుతుంది, సౌండ్ బాక్సుకు తగలదు. కాబట్టి మధ్యలో ల్యాప్‌టాప్ ఉండి తీరాలి. ఆ ల్యాప్‌టాప్ పెళ్లికొడుకుది. అతని పేరు కిరణ్. కాకినాడ వైపు కుర్రవాడు. కవిత వాళ్లది బి బ్లాకు, అతనిది అదే అపార్ట్‌మెంట్లలో డి బ్లాకు. కుక్కలను తిప్పే చోట పరిచయమైందట. ఇద్దరికీ కుక్కల్లేవు. ఎవరి కుక్కల కోసం అక్కడ తిరిగారో నేను అడగలేదు.

నేను కవిత వాళ్లింటికి వెళ్లేసరికి కిరణ్ అన్నీ తగిలించేసి ఉన్నాడు. "మీకు శ్రమ లేకుండా నేనే చేసేశానండి" అన్నాడు. ఈ మాట విన్నప్పుడల్లా నేను మంచినీళ్లు అడిగి కూర్చునేదాన్ని. మీరు కూడా అలవాటు చేసుకోండి. శ్రమ అక్కడి నుంచే మొదలవుతుంది.

యాదగిరి గారు ఊదారు. ఏమీ రాలేదు. ఆయన గొట్టం దించి నా ముఖం చూసేసరికి స్పీకరులోంచి శబ్దం వచ్చింది.

"ఇగో, గిట్ల జేస్తున్నది" అన్నారాయన. "నేను ఊదుతున్న, అది ఆలోచించుకోని పలుకుతున్నది."

కిరణ్ సౌండ్ బాక్సు నుంచి వచ్చే శబ్దాన్ని మళ్లీ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చి, దానికి గుడిలో మోగినట్టు ప్రతిధ్వని కలిపి, అప్పుడు స్పీకరుకు పంపుతున్నాడు. ఆ ప్రయాణానికి టైము పడుతోంది. నేను ఆ తీగ పీకి బాక్సును నేరుగా స్పీకరుకు తగిలించాను. ఆలస్యం పోయింది. ప్రతిధ్వని పోయినందుకు కిరణ్ కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

యాదగిరి గారు మళ్లీ ఊదారు. ఈసారి వెంటనే పలికింది. కానీ సన్నాయి కాదు. గల్లుగల్లుమని చిరుగంటలు. ఆయన ఒక కీర్తన అందుకున్నారు. ఎంత భక్తిగా ఊదితే అన్ని గంటలు.

లోపలి నుంచి కవిత వచ్చింది. "ఏంది నాయినా, మేకలొచ్చినట్టున్నయ్?"

"మేకలే బిడ్డా. మందను తోలుకొస్తున్న."

నేను వెళ్లి చూస్తే బాక్సు మీద నూట పదమూడు వెలుగుతోంది. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం నూట పన్నెండే ఉంది. ఇది ఈ వృత్తిలో అందరికీ ఎదురయ్యే గొయ్యి, గుర్తుపెట్టుకోండి. బాక్సు ఒకటి నుంచి నూట ఇరవై ఎనిమిది వరకు లెక్కపెడుతుంది. కిరణ్ వాడే సాఫ్ట్‌వేర్ సున్నా నుంచి నూట ఇరవై ఏడు వరకు లెక్కపెడుతుంది. అక్కడ నూట పన్నెండు అంటే ఇక్కడ నూట పదమూడు. సన్నాయి కావాలంటే సాఫ్ట్‌వేర్‌లో నూట పదకొండు వేయాలి.

"సున్నా నుంచి లెక్కపెట్టడమే కరెక్ట్ అండి" అన్నాడు కిరణ్. "తప్పు ఆ బాక్సుదేనండి. ప్రోగ్రామింగ్‌లో అందరూ సున్నా నుంచే మొదలుపెడతారు."

"బాబూ" అన్నారు యాదగిరి గారు, "పెండ్లిల ఏడడుగులు గూడ సున్న కాంచే లెక్కవెడ్తవా?"

కిరణ్ నిజంగానే ఆలోచించాడు. "సున్నా నుంచి ఆరు వరకు అండి. మొత్తం ఏడే అవుతాయి."

కవిత అతనివైపు చూసిన చూపు చూసి నేను తొందరగా నూట పదకొండు కొట్టాను. సన్నాయి పలికింది.

అసలైన సన్నాయి కాదది. నాకు తెలుసు, ఆయనకు నాకంటే బాగా తెలుసు. గమకం కోసం బొటనవేలి దగ్గర ఒక చిన్న పట్టీ ఉంటుంది. మొదట్లో అది స్వరాన్ని మరీ ఎక్కువ లాగేసి, ఆయన కొంచెం వేలు కదిపితే పోలీసు బండి వచ్చినట్టు వినిపించేది. దాన్ని తగ్గించాను. ఊపిరి సంగతి సరిచేశాను. ఆ తర్వాత ఆయన కళ్లు మూసుకుని ఊదడం మొదలుపెడితే నేను తీగలు సర్దుకోవడం మానేసి కూర్చున్నాను. ఆయాసం లేదు, ఆపడం లేదు. కవిత తలుపుకు ఆనుకుని నిలబడిపోయింది. ఈ పనిలో నాకు దొరికిన మంచి గంటల్లో అదొకటి.

చివర్లో కిరణ్ చప్పట్లు కొట్టాడు. యాదగిరి గారు కళ్లు తెరిచి నవ్వారు.

"సన్నాయికి ఎవలు సప్పట్లు కొడ్తరు బాబూ? తాళి కట్టేటప్పుడు అందరి చేతులల్ల అక్షింతలే ఉంటయ్. ఆడంగనే బువ్వకు లేస్తరు. ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ ఇనలేదు."

బాధగా అన్న మాట కాదది. మామూలుగానే అన్నారు. కానీ కిరణ్ మనసులో పడింది. అతను మంచివాడు. మంచివాళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఎవరికీ చెప్పకుండా చేసే మార్పుల వల్లే నాకు ఎక్కువ పని పడింది.

మొదటి ముడి

పెళ్లి ఆ అపార్ట్‌మెంట్ల క్లబ్ హౌస్‌లోనే. ఉదయం ముహూర్తం. నేను ముందే వెళ్లి మండపం పక్కన బల్ల మీద ల్యాప్‌టాప్, బాక్సు పెట్టి, స్పీకరు నిలబెట్టాను. యాదగిరి గారి పాత జోడీ నర్సింహ డోలు పట్టుకుని వచ్చాడు. గొట్టాన్ని చూసి, "ఇది వాన నీళ్ల పైపు గాదా అన్నా?" అని అడిగాడు. యాదగిరి గారు ఒక్క స్వరం పలికించగానే డోలు భుజాన తగిలించుకున్నాడు.

కన్యాదాతగా చేయాల్సినవన్నీ ముగించుకుని యాదగిరి గారు వచ్చి బల్ల పక్కన కూర్చున్నారు. పంతులుగారు చెయ్యెత్తి, "గట్టిమేళం" అన్నారు. కిరణ్ తాళి పట్టుకుని లేచాడు. యాదగిరి గారు ఊపిరి తీసుకుని ఊదారు. రెండు మూడు స్వరాలు కంచు మోగినట్టు వచ్చాయి. కిరణ్ మొదటి ముడి వేశాడు.

ఢాం.

తర్వాత వరసగా ఢాం, ఢాం, ఢాం. స్పీకరులోంచి తుపాకులు. యాదగిరి గారు ఎంత వేగంగా వేళ్లాడిస్తే అంత వేగంగా కాల్పులు. అక్షింతలు విసిరినవాళ్లు విసిరినట్టే వంగిపోయారు. కిరణ్ వాళ్ల పెద్దమ్మగారు కుర్చీ వెనక్కి వెళ్లి కూర్చున్నారు. గేటు దగ్గర ఉండే సెక్యూరిటీ ఆయన లాఠీ పట్టుకుని లోపలికి వచ్చి, ఎవరిని పట్టుకోవాలో తెలియక గుమ్మం దగ్గర ఆగిపోయాడు. జనగామ నుంచి వచ్చిన చుట్టాలు మాత్రం కదల్లేదు. వాళ్లలో ఒక పెద్దాయన, "పటాకులు బయట గాల్చాలె గాని గిట్ల లోపల గాలుస్తరా? పొగ రాదు?" అని పక్కాయనను అడిగాడు.

"పొగ లేనివి వచ్చినయంట" అన్నాడు ఆ పక్కాయన.

నర్సింహ ఒక్కడే ఆగలేదు. ఆ కాల్పులకు సరిగ్గా తాళం వేస్తూ డోలు వాయించేస్తున్నాడు.

యాదగిరి గారు గొట్టం దించేశారు. ఆయన ముఖం చూడలేకపోయాను. బాక్సు మీద నూట ఇరవై ఎనిమిది. అది తుపాకీ పేలుడు నంబరు. ఎలా వచ్చిందో అర్థం కాలేదు. చేత్తో తిప్పి నూట పన్నెండుకు తేబోయాను. గుండీ సందుల్లో అక్షింతలు ఇరుక్కుని అది సరిగ్గా తిరగడం లేదు.

పంతులుగారు కంగారుగా, "బాబూ, రెండో ముడి" అన్నారు. కిరణ్ వేయబోయాడు. కవిత వెనక్కి చెయ్యి పెట్టి తాళి కొసలు పట్టేసుకుంది.

"ఆగు. నాయిన సన్నాయి పలకాలె."

"అమ్మా, ముహూర్తం దాటిపోతుంది" అన్నారు పంతులుగారు.

"ఒక ముడి పడ్డది గద పంతులుగారూ. ముహూర్తం అందులనే వడ్డది. మిగిలిన రెండు నాయిన ఊదినంక."

బాక్సు చివరికి నూట పన్నెండుకు వచ్చింది. నేను తల ఊపాను. యాదగిరి గారు ఊదారు. సన్నాయి వచ్చింది. కిరణ్ కొసల కోసం ఒక అడుగు ముందుకు వేశాడు. ఢాం.

మళ్లీ తిప్పాను. మళ్లీ సన్నాయి. కిరణ్ కంగారులో కాలు మార్చాడు. ఢాం. పెద్దమ్మగారు లేవబోయినవారు మళ్లీ కూర్చున్నారు.

అప్పుడు కిరణ్ నావైపు వంగి, పెదవులు కదపకుండా, "మేడం, నా కాలి కింద పెడల్ ఉందండి" అన్నాడు.

"ఏం పెడల్ అండి?"

"మూడో ముడి అయ్యాక నొక్కితే బాక్సు నంబరు మారేలా చాప కింద పెట్టానండి. మామయ్యగారికి చప్పట్లు వినిపిద్దామని. బాక్సు లిస్టులో చప్పట్లు నూట ఇరవై ఏడు అని ఉందండి. అదే వేశాను."

అతను వేశాడు సరే, వేసింది సున్నా నుంచి లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌లో. అక్కడి నూట ఇరవై ఏడు ఇక్కడ నూట ఇరవై ఎనిమిది. చప్పట్ల పక్కింట్లోనే తుపాకీ కాపురం. రెండు వారాలు నాతో సున్నా గురించి వాదించిన మనిషి, నా మాట విని ఒకటి నుంచి లెక్కపెట్టింది ఆ ఒక్క చోటే.

"కాలు తియ్యండి."

"తీసినా ఆ నంబరు పంపుతుందండి. నొక్కినా పంపుతుంది, వదిలినా పంపుతుంది. కచ్చితంగా అందాలని అలా పెట్టానండి."

"అయితే కదలకండి" అని బల్ల కిందకు దూరాను. చాప కిందనుంచి వచ్చిన నల్లటి తీగ, పూల దండల మధ్యగా ల్యాప్‌టాప్ దాకా ఉంది. పట్టు చీర కట్టుకుని బల్ల కింద దూరడం ఎలాగో ఏ మ్యానువల్‌లోనూ రాసి ఉండదు. పీకేశాను. బయటికి వచ్చి బాక్సు మళ్లీ నూట పన్నెండుకు తిప్పి, "ఊదండి అన్నయ్యగారూ" అన్నాను.

ఆయన వెంటనే ఊదలేదు. గొట్టం ఒళ్లో పెట్టుకుని కూతురినే చూస్తున్నారు. "నాతోని గాదు బిడ్డా. నవ్వులపాలైతిమి. కట్టనియ్యి" అన్నారు.

"అయితే అయినం. నాకేం తొందర లేదు" అంది కవిత. కొసలు వదల్లేదు.

నర్సింహ డోలు మీద మెల్లగా ఒక దరువు మొదలుపెట్టాడు. పెళ్లిళ్లలో ఆయనను లేపడానికి ఎప్పుడూ వేసే దరువు అదేనని తర్వాత చెప్పాడు. యాదగిరి గారు గొట్టం అందుకున్నారు. ఈసారి సన్నాయి పలికి, ఆగకుండా, పైకి పైకి పోయింది. కిరణ్ ఒంటికాలి మీద ఉన్నవాడిలా బిగుసుకుని రెండో ముడి వేశాడు, మూడో ముడి వేశాడు. పెడల్ ఇక దేనికీ తగిలించి లేదని అతనికి చెప్పడం నేను మరచిపోయాను.

మూడో ముడి పడగానే జనానికి ఏం చేయాలో తోచలేదు. అక్షింతలు మొదటి ముడికే అయిపోయాయి. చేతులు ఖాళీ. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ హాలంతా చప్పట్లు. యాదగిరి గారు ఊదుతూనే కళ్లు పైకెత్తి చూశారు. కాసేపు స్వరం వణికింది. ఆ వణుకు మాత్రం నేను ఏ మెనూలోనూ పెట్టింది కాదు.

ఈ కేసు నుంచి ఏం నేర్చుకోవాలని మీరు అడుగుతారు. కార్యక్రమం మొదలయ్యే ముందు ప్రతి తీగనూ ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చేత్తో పట్టుకుని వెళ్లి చూడండి. మీది కాని తీగ కనిపిస్తే మొహమాటపడకుండా అడగండి. పెళ్లికొడుకునైనా సరే.

అప్పగింతలు

భోజనాలయ్యాక అప్పగింతలు. ఇల్లు మారుతున్నది బి బ్లాకు నుంచి డి బ్లాకుకు. మధ్యలో ఒక తోట, పిల్లలు జారే బండ. అయినా ఏడుపు ఏడుపే. కవిత తండ్రిని పట్టుకుని వదల్లేదు.

"ఎక్కడికి పోతున్నవ్? కిటికీ తీస్తే కనవడ్తవ్" అని యాదగిరి గారు ఆమె వీపు నిమిరారు. తర్వాత, "ఇంటి దాంక ఊదుకుంట వస్త" అన్నారు.

సన్నాయి అయితే చేత పట్టుకుని నడిచిపోవచ్చు. ఇది ల్యాప్‌టాప్‌కు కట్టేసిన సన్నాయి. నాలుగడుగులు వేసేసరికి తీగ బిగిసి ల్యాప్‌టాప్ బల్ల అంచుకు వచ్చింది. పరిగెత్తి పట్టుకున్నాను. బాక్సు, నా దగ్గరున్న చిన్న స్పీకరు బ్యాటరీ మీద కూడా పనిచేస్తాయి. తెరిచిన ల్యాప్‌టాప్ ఎడమ చేతి మీద, బాక్సు దాని పైన, స్పీకరు భుజానికి. ముందు ఆయన ఊదుతూ, వెనక హారతి పళ్లెం పట్టినట్టు ల్యాప్‌టాప్ పట్టుకుని నేను, మా వెనక కొత్త దంపతులు. తోట దాటి డి బ్లాకు చేరాం. దారిలో బట్టలు ఆరేస్తున్న వాళ్లు బాల్కనీల్లోంచి చూశారు. సలీం భాయ్ భోజనానికి వచ్చి ఉన్నాడు. ఆ దృశ్యాన్ని ఫోన్లో వీడియో తీసి, తర్వాత దుకాణం ప్రచారానికి వాడుకున్నాడు. నన్ను అడగలేదు.

నలుగురం లిఫ్టు ఎక్కాం. అప్పటికే అందులో పెళ్లికూతురి పెట్టెలు రెండు, ఇత్తడి బిందె ఒకటి ఉన్నాయి. బరువు ఎక్కువైందని లిఫ్టు కుయ్యిమని మొత్తుకుంది. పెట్టెలు మా వెనక ఇరుక్కుపోయి కదలడం లేదు కాబట్టి ఎవరో ఒకరు దిగాలి. నేను దిగితే సన్నాయి ఆగిపోతుంది. యాదగిరి గారు మెట్లెక్కలేరు. పెళ్లికూతురిని దింపలేం.

"నేను మెట్ల మీదుగా వచ్చేస్తానండి" అని కిరణ్ దిగాడు.

లిఫ్టులో ఆయన ఊదుతూనే ఉన్నారు. ఇరుకు గదిలో ఆ మోతకు నా చెవులు గింగురుమన్నాయి. కవిత ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది. పైకి వెళ్లి తలుపు తెరుచుకునేసరికి కిరణ్ వాళ్ల అమ్మగారు హారతి పట్టుకుని ఎదురుగా ఉన్నారు. కోడలు దిగింది, వియ్యంకుడు దిగాడు, ల్యాప్‌టాప్‌తో నేను దిగాను. ఆవిడ మా వెనక చూశారు. లిఫ్టులో పెట్టెలు, బిందె తప్ప ఎవరూ లేరు.

"మా అబ్బాయేడండీ?"

"వస్తున్నరు వదినా, నడిచి" అని, అబ్బాయి వచ్చేదాకా గుమ్మంలో నిలబడి ఊదుతూనే ఉన్నారు యాదగిరి గారు. హారతి కర్పూరం ఒకసారి ఆరిపోతే మళ్లీ వెలిగించారు. ఎంతసేపు ఊదినా ఆయన ముఖంలో అలసట లేదు.

కిరణ్ వచ్చాడు. తలపాగా చేతిలో ఉంది, పంచె ఎగగట్టి ఉంది. గోడ పట్టుకుని వంగిపోయి, ఏదో చెప్పబోయి, ఊపిరి అందక చెయ్యి ఊపాడు. 

యాదగిరి గారు ఊదడం ఆపి, గొట్టం కొస ఉత్తరీయంతో తుడిచి, అతని ముందు పెట్టారు.

"ఇంద అల్లుడా. దమ్ము లేనోళ్ల కోసమే జేసిన్రంట. జర ఊది చూడు."